ముషిణిగింజయు ప్రయోగశాలయు



పాల్వంచనుండి కిన్నెరసాని దారిపట్టి అడవిలోనికి పోవువారికి ముషిణిచెట్టు క్రొత్తది కాదు. నారింజపండువంటి కాయ, లోన తెల్లని గుజ్జు, ఆ గుజ్జులో బొత్తాములవలె చదునై, బూడిదరంగు నూగుతో మెరయు గింజలు. కొందరు దీనిని ముష్టి యందురు. కొందరు ముసిడి యందురు. వైద్యగ్రంథములు విషముష్టి యనియు, కారస్కరమనియు పేర్కొనుచున్నవి. అడవియందు నివసించువారు ఈ గింజలను ఏరి, ఎండబెట్టి, సంతలలో అమ్ముకొనుట చిరకాలముగా నున్నది. 1956లో విశాఖపట్టణమున స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థవారు కొనుచువచ్చిన అటవీఫలసాయములలో తపసిబంక, కరక్కాయ, చిల్లగింజలతోబాటు ముషిణిగింజయు నొకటి.

ఈ గింజయే హోమియోపతి వైద్యుల మందులపెట్టెలో 'నక్స్ వామికా' అను పేరుతో చిన్న సీసాలోని ద్రవముగానో, తెల్లని తియ్యని గుళికలుగానో మరల మనయింటికి వచ్చుచున్నది. గింజ నోటబెట్టిన ప్రాణాంతకమైన చేదు. గుళిక నోటబెట్టిన పంచదార. ఈ రెంటి నడుమ ఏమి జరిగినది? సీసాలో గింజయొక్క అంశము ఎంత మిగిలినది? మిగిలినదని గాని, మిగులలేదని గాని చెప్పువారు ఏ కొలతనుబట్టి చెప్పుచున్నారు? ఇవియే నేటి ప్రసంగమునకు విషయములు.

ఇది పండితుల వినోదమునకు పుట్టిన ప్రశ్న యని తలపవలదు. మనది అడవియంచు. చలిజ్వరము మన పల్లెలను ఇంకను పూర్తిగా విడువలేదు. ఇంట బిడ్డకు ఒడలు కాలిపోవుచుండగా, ఏ మందు ఈయవలెను, ఎవరియొద్దకు పోవలెను అని తల్లిదండ్రులు మొదట అడుగునది ఊరిపెద్దలనే. పూర్వము అనేక గ్రామములలో బడిపంతులో, కరణమో, తపాలా ఉద్యోగియో హోమియోపతి పుస్తకమును, మందులపెట్టెను ఇంట నుంచుకొని ఉచితముగా మందులిచ్చుట గలదు. వారి పరోపకారబుద్ధికి నమస్కరింపవలసినదే. 1945నాటికే గుడివాడయందు ఈ వైద్యమునకు కళాశాల వెలసినది. ఇంతటి ఆదరము గల వైద్యముయొక్క మందును ప్రయోగశాలలో తూచి, కొలిచి చూచినవారు ఏమి కనుగొనిరో తెలిసికొనుట, ఆదరించువారికిని, ఆదరింపనివారికిని సమానముగా అవసరము.

మొదట మందు తయారగు విధమును చెప్పెదను. జర్మనీదేశీయుడగు శామ్యూల్ హానిమన్ 1755లో జన్మించి 1843లో గతించిన వైద్యుడు. నాటి వైద్యులు రోగుల రక్తమును ధారగా తీయుచు, పాదరసమువంటి విషములను పెద్దమోతాదులలో మ్రింగించుచుండిరి. హానిమన్ ఆ క్రూరపద్ధతులను రోసి, ఆరోగ్యవంతునియందు ఏ ద్రవ్యము ఏ లక్షణములను పుట్టించునో, ఆ లక్షణములు గల రోగమునకు ఆ ద్రవ్యమే అత్యల్పముగా ఔషధమగునని సిద్ధాంతము చేసెను. 1810లో ప్రకటించిన 'ఆర్గనాన్' అను గ్రంథమున ఆయన మతము వివరింపబడినది.

ఆ మతానుసారముగా ముషిణిగింజలను పొడిచేసి మద్యసారమున నానబెట్టి దింపిన కషాయమును మదర్ టింక్చరు అందురు, మనము మూలద్రవమందము. ఈ మూలద్రవమునుండి ఒకపాలు తీసి తొంబదితొమ్మిదిపాళ్ల మద్యసారమున కలిపి, సీసాను గట్టిగా కుదిపి కుదిపి తట్టుదురు. ఇది మొదటి మెట్టు. దానినుండి ఒకపాలు తీసి, మరల తొంబదితొమ్మిదిపాళ్లలో కలిపి కుదుపుదురు. ఇది రెండవ మెట్టు. ఇట్లు ముప్పది మెట్లు ఎక్కించినది ముప్పది పొటెన్సీ. రెండువందల మెట్లు ఎక్కించినది రెండువందల పొటెన్సీ. నూటికి బదులు పదింట నొకపాలు కలుపు దశాంశపద్ధతియు గలదు. ఆ సీసాలపై మూడు ఎక్స్, ఆరు ఎక్స్ అని వ్రాయుదురు. కుదుపుటవలన మందుయొక్క శక్తి పెరుగుననియు, పలుచనైనకొలది బలము హెచ్చుననియు ఆ మతమువారి విశ్వాసము.

ఇక ప్రయోగశాలలోనికి పోవుదము. అచట జరుగు పరీక్షలలో పెక్కు మనకు తెలియనివి కావు. పాల్వంచలోని విద్యుత్కేంద్రమునకు వచ్చు సింగరేణి బొగ్గును చూడుడు. తేమ యెంత, కాల్చినపిమ్మట మిగులు బూడిద యెంత యని పరీక్షించినగాని బొగ్గు గుణము తేలదు. ఎండుగింజకును అదే పరీక్ష. గింజలను పొడిచేసి కాల్చి బూడిదను తూచుదురు. బూడిద హెచ్చుగా నున్నచో మట్టియో ఇసుకయో కలిసినదన్నమాట. తేమను చూతురు, పరాయి గింజలు, పుల్లలు, పురుగు పట్టినవి ఎన్ని కలవో ఏరి తూచుదురు. పొడిని సూక్ష్మదర్శినిక్రింద నుంచి, ముషిణికి సహజమగు నూగు కనబడుచున్నదో లేదో పరిశీలింతురు. తరువాత రంగుల పరీక్ష. ముషిణిలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అను రెండు విషసారములు గలవు. బ్రూసిన్‌పై గాఢ నత్రికామ్లపు చుక్క వేసినచో నెత్తురువలె ఎర్రనగును. స్ట్రిక్నిన్‌ను గంధకికామ్లముతోను, పొటాసియం డైక్రోమేటుతోను కలిపినచో ఊదారంగు పుట్టి క్రమముగా ఎరుపునకు దిగును. ఇది గింజ తన పేరును తానే చెప్పుకొనుటవంటిది.

మూలద్రవమునకును ఇట్టి పరీక్షలే గలవు. మిల్లీలీటరు ద్రవము ఎంత తూగును? అందు మద్యసారము నూటికి ఎన్నిపాళ్లు? ద్రవమును ఆవిరి చేసినచో అడుగున ఎంత ఘనపదార్థము మిగులును? పులుపుగుణము గలదో, క్షారగుణము గలదో? అతినీలలోహిత కిరణములను దానిగుండ పంపినచో ఏ కిరణమును ఎక్కువగా మ్రింగును? పలుచని పూత పూసిన పలకపై ఒక చుక్కనుంచి, పలక అంచును తగిన ద్రవమున ముంచినచో ఆ ద్రవము పైకి ప్రాకుచు చుక్కలోని సారములను వేర్వేరు ఎత్తులకు మోసికొనిపోవును. ఆ మచ్చల వరుస ఏ గింజకు ఆ గింజకు ప్రత్యేకము. ఈ ప్రమాణములన్నియు భారత హోమియోపతి ఔషధ సంహితలో వ్రాయబడినవి. దాని మొదటి సంపుటము 1971లో వెలువడినది. పరీక్షలు జరుపుటకై ఘాజియాబాదున 1975లో ప్రత్యేక ప్రయోగశాల నెలకొల్పబడి, 2020లో భారతీయ వైద్యమునకును, హోమియోపతికిని కలిపి ఏర్పరచిన సంహితా సంఘమున విలీనమైనది. మన హైదరాబాదునందును హోమియోపతి కేంద్ర పరిశోధన మండలివారి ఔషధ ప్రమాణ విభాగమొకటి మూలికలపై ఇట్టి పరీక్షలు జరిపినది.

ఇంతవరకు వివాదము లేదు. మూలద్రవమున గింజ గలదు, ప్రయోగశాల దానిని చూపగలదు, కల్తీని పట్టగలదు. మొదటి మెట్లలోను చూపగలదు. చిక్కు అంతయు పై మెట్లలో నున్నది.

లెక్క వేసి చూతము. ముషిణిగింజలో స్ట్రిక్నిన్ సుమారు నూటికి ఒకపాలుండును. ఒక గ్రాము గింజతో పది మిల్లీలీటర్ల మూలద్రవము చేసితి మనుకొందము. గింజలోని స్ట్రిక్నిన్ అంతయు దిగినను మిల్లీలీటరునకు ఒక మిల్లీగ్రాము. అది స్వల్పమని తోచును గాని, ఆ ఒక్క మిల్లీగ్రాములో గల అణువులు ఎన్ని? ఒకటి ప్రక్కన పదునెనిమిది సున్నలు వేసిన సంఖ్యకు సుమారు రెండురెట్లు. లీలావతీగణితము చదివిన పెద్దలకు పరార్ధమనగా ఒకటి ప్రక్కన పదునేడు సున్నలని తెలియును. అనగా దాదాపు పదునెనిమిది పరార్ధముల అణువులు. ఎంతటి సంఖ్య!

అయినను నూటిచేత భాగించుచు పోవుటయన్న నెంతటి కత్తెరయో చూడుడు. ప్రతి మెట్టునను రెండేసి సున్నలు తెగిపోవును. తొమ్మిదవ మెట్టు చేరునప్పటికి మిల్లీలీటరులో ఒకటి రెండు అణువులు మిగులును. పదియవ మెట్టున ఒక్క అణువు కావలెనన్న ఏబది మిల్లీలీటర్లు వెదకవలెను. పన్నెండవ మెట్టున అయిదువందల లీటర్లు వెదకవలెను. ముప్పదవ మెట్టు సంగతి చెప్పనక్కరలేదు. ముప్పది మెట్లలో తెగిన సున్నలు అరువది. ఒకటి ప్రక్కన అరువది సున్నలు వేసినన్ని నీటి అణువులను ఒకచోట పోసినచో ఆ నీరు మన భూగోళమువంటివి సుమారు అయిదువందల కోట్ల గోళముల బరువుండును. అంత నీటిలో ఒక్క అణువు. మన చేతిలోని సీసా బొటనవ్రేలంత!

హానిమన్ మహాశయునిపై ఇందుకు నింద మోపరాదు. అణువుల పరిమాణమును లోష్మిట్ అను ఆస్ట్రియాదేశ శాస్త్రజ్ఞుడు తొలిసారి అంచనా వేసినది 1865లో. అప్పటికి హానిమన్ గతించి ఇరువదిరెండేండ్లు. పదార్థమును ఎంత విభజించినను కొంత మిగులుననియే ఆయన కాలమున ఎందరో తలచుచుండిరి. నేడు ఆ లెక్క అందరకు తెలియును. హోమియోపతిపక్షమున వాదించు విద్యావంతులును దానిని కాదనరు. వారి సమాధానము వేరు. గింజ పోయినను గింజయొక్క ముద్ర నీటియందో మద్యసారమునందో నిలిచియున్నదని వారందురు. సంపెంగ తీసివేసినను గిన్నెలో వాసన నిలుచునట్లని దృష్టాంతము చెప్పుదురు. దృష్టాంతము అందముగానే యున్నది. కాని వాసన నిలుచుట పువ్వుయొక్క అణువులు గిన్నెలో నిలుచుటవలననే. అణువే లేనిచోట వాసన లేదు. కావున ముద్రయన్నచో అది వేరొక ఆధారమున నిలువవలెను. ఆ ఆధారమేదో భౌతికపరీక్షకు దొరకవలెను.

దానిని వెదకినవారు తక్కువవారు కారు. హోమియోపతి మందుల భౌతికగుణములపై జరిగిన ప్రయోగములను కొందరు యూరపు పరిశోధకులు ఏర్చికూర్చి 2018లో ఒక సమీక్ష ప్రకటించిరి. అందు 183 రచనలు లెక్కకు వచ్చినవి. జర్మనీనుండి 42, ఫ్రాన్సునుండి 29, మన భారతదేశమునుండి 27, ఇటలీనుండి 26. విద్యుత్తును పంపి ద్రవముయొక్క నిరోధమును కొలిచినవారు కొందరు. కిరణములను పంపి చూచినవారు కొందరు. అయస్కాంతక్షేత్రమున నుంచి అణుకేంద్రముల స్పందనను విన్నవారు కొందరు. వీరిలో అనేకులు భేదము కనబడినదనియే వ్రాసిరి. ఆ భేదము దేనివలన కలిగినదన్నదే అసలు ప్రశ్న.

ఇచ్చట మన తర్కశాస్త్రము చక్కగా తోడుపడును. ఒకటి మరియొకదానికి కారణమని చెప్పుటకు అన్వయవ్యతిరేకములు రెండును కావలెను. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. ముషిణి వేసి కుదిపిన సీసాలో విశేషము కనబడిన చాలదు; ముషిణి వేయక, అదే మద్యసారమును, అదే గాజుసీసాలలో, అన్నిసార్లే మెట్లెక్కించి, అట్లే కుదిపిన సీసాలో ఆ విశేషము కనబడకుండవలెను. ఈ రెండవ సీసాను ప్రక్కన పెట్టని పరీక్ష ఒంటికంటి పరీక్ష.

ఏలయన, భేదము పుట్టించు దొంగలు చాలమంది కలరు. కుదిపినప్పుడు గాలి ద్రవములోనికి చొచ్చును. ఆ గాలిలోని ప్రాణవాయువు అణుకేంద్రముల స్పందనను మార్చును. గాజు పైకి నిశ్చలముగా కనబడును గాని, కుదుపుచున్నకొలది దానినుండి సిలికా, సోడియము లేశమాత్రముగా కరగి ద్రవమున చేరును. అంతటితో విద్యుద్వాహకత మారును. బిరడా వదులైనచో మద్యసారము ఎగిరిపోయి ద్రవము బరువెక్కును. ఒకనెల క్రిందటి సీసాను నేటి సీసాతో పోల్చినచో మందు భేదముగాక బిరడా భేదమే తెలియును! 2004లో డేవిడ్ ఆనిక్ అను వైద్యుడు నీటిలో చేసిన హోమియోపతి మందులను, మందు చేరని నీటిని పోల్చుచు మిక్కిలి సూక్ష్మమైన అణుకేంద్రస్పందన పరీక్ష జరిపెను. మందును నీటినుండి వేరుపరచు ప్రత్యేక సంకేతమేదియు ఆ పరీక్షలో కనబడలేదు.

నీరు ముద్రను ఎంతకాలము పట్టియుంచగలదను ప్రశ్నకు వేరొకతట్టునుండి సమాధానము వచ్చినది. నీటి అణువులు ఒకదానినొకటి చేతులు పట్టుకొన్నట్లు పెనవేసికొనుట నిజమే. ఆ అల్లికయొక్క జ్ఞాపకము ఎంతసేపు నిలుచునో కొందరు శాస్త్రజ్ఞులు కొలిచి 2005లో 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. సెకనును కోటిచేత భాగించి, వచ్చినదానిని మరల పదిలక్షలచేత భాగించినచో ఎంత కాలము వచ్చునో, అంతటికంటె గూడ స్వల్పకాలములో అది చెదరిపోవునని తేలినది. కంపెనీనుండి అంగడికి, అంగడినుండి పల్లెకు, నెలలు సంవత్సరములు నిలువవలసిన ముద్రకు ఆ ఆధారము చాలదు. పైగా మనకు దొరకునవి తరచుగా గుళికలు. పంచదారగుళికలపై ద్రవమును చిలికి ఆరబెట్టుదురు. ద్రవము ఎగిరిపోవును. నీటిలో ముద్రయున్నదన్న వాదమును ఒప్పుకొన్నను, నీరే లేని పంచదారలోనికి అది ఎట్లు దిగినదన్న రెండవ ప్రశ్న మిగిలియే యుండును.

ఈ చరిత్రలో రెండు ఘట్టములు తెలిసికొనదగినవి. మొదటిది ఫ్రాన్సుదేశమున జరిగినది. జాక్ బెన్‌వెనిస్తె అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు, అణువొక్కటియు మిగులనంతగా పలుచన చేసిన ద్రవము రక్తములోని ఒకజాతి తెల్లకణములపై ప్రభావము చూపుచున్నదని 1988 జూనులో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. పత్రికాసంపాదకుడు జాన్ మాడాక్స్ ఆ వ్యాసమును ప్రచురించుటకు ఒక నియమము విధించెను: మేము స్వయముగా వచ్చి చూచెదమని. ఆయనతో వాల్టర్ స్టూవర్ట్ అను పరిశోధకుడును, కనికట్టు మర్మము లెరిగిన జేమ్స్ రాండీయు పోయిరి. ఏ గొట్టములో ఏది యున్నదో పరీక్షించువారికి తెలిసియుండగా ప్రభావము కనబడినది. పిమ్మట గొట్టములకు గుప్తసంఖ్యలు వేసి, సంఖ్యల వివరమును కవరులో మూసి, ఎవరికిని చేయి తగులకుండ ప్రయోగశాల పైకప్పునకు అంటించిరి. లెక్కలు ముగిసి కవరు విప్పిచూడగా, మందున్న గొట్టములకును లేని గొట్టములకును భేదము మిగులలేదు. ఇందు మోసమున్నదని చెప్పనక్కరలేదు. తెలిసిన కన్ను తాను కోరినదానిని చూచును. అది మనుష్యస్వభావము. అందుచేతనే కవరు పైకప్పునకు ఎక్కవలసివచ్చినది.

రెండవది మనదేశమున జరిగినది. బొంబాయి ఐ.ఐ.టి. యందు జయేశ్ బెల్లారే, ప్రశాంత్ చిక్రమానే మొదలగువారు బంగారము, వెండి, రాగి, తగరము, తుత్తునాగము, ప్లాటినము అను లోహములతో చేసి అంగళ్లలో అమ్ము హోమియోపతి మందులను పరీక్షించి 2010లో ఫలితములను ప్రకటించిరి. ముప్పది, రెండువందల పొటెన్సీలలోను అతిసూక్ష్మమైన లోహకణములు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనబడినవి. కుదిపినప్పుడు లేచు నురుగునకు ఆ కణములంటుకొని పై మెట్టునకు సాగిపోవుచున్నవేమో యని వారు ఊహించిరి. ఇది గౌరవింపదగిన పరిశ్రమ. ఉన్నదానిని తూచి చూపవలెనన్న సంకల్పము మంచిది. అయినను ఇందు ఒక విశేషము గమనింపుడు. మెట్లు పెరిగినను లోహపు పరిమాణము తదనుగుణముగా తగ్గక దాదాపు ఒకే స్థాయిలో నిలిచినది. అట్లైనచో ముప్పదికిని, రెండువందలకును ద్రవ్యములో భేదమేమి? మద్యసారమునందును, పాలచక్కెరయందును, గాజునందును సహజముగానే యుండు లోహలేశములను వేరుపరచి చూపుట యెట్లు? ఇవి విమర్శకులు వేసిన ప్రశ్నలు. మఱియు, కరగని లోహపుపొడికి చెప్పిన మాట, మద్యసారమున కరగిపోవు ముషిణిసారమునకు చెల్లదు. పైగా కణమున్నదనుట వేరు. ఆ కణము రోగమును కుదుర్చుననుట వేరు.

ఇంతకు తేలినదేమి? గింజను, మూలద్రవమును, క్రింది మెట్లను ప్రయోగశాల గుర్తింపగలదు. పై మెట్లలో ముషిణిసీసాను, గంధకముసీసాను, ఏమియు చేరని మద్యసారపుసీసాను పేరుచీటీలు తీసివేసి ఒకచోట నుంచినచో, ఏది ఏదో ఎవరు పరీక్షించినను, ఎన్నిసార్లు పరీక్షించినను తప్పక చెప్పగల భౌతికపరీక్ష నేటివరకు లేదు. అనగా పై మెట్లలో మందును మందుగా నిలుపుచున్నది చీటీ ఒక్కటియే.

ఇచ్చట పెద్దలు ఒక మాట అడుగుదురు. "పరీక్షల సంగతి యట్లుండనిండు; మా యింట నయమైనది గదా" యని. ఆ మాటను త్రోసివేయరాదు. కాని నయమగుటకు కారణములు పెక్కు. జలుబు, నొప్పి, అజీర్ణము, చిన్నజ్వరములు కొన్నిదినములకు తమంతట తామే తగ్గును. శ్రద్ధగా కూర్చుండబెట్టి కష్టసుఖములు విచారించు వైద్యునివలన మనసు కుదుటపడును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినచో కాకియే పండును రాల్చెనందుమా? కాకతాళీయమును విడదీయుటకు చాలమంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు మందును, మరియొక గుంపునకు మందువలెనే కనబడు ఉత్తగుళికను ఇచ్చి చూడవలెను. అట్టి పరిశోధనలనన్నిటిని ఆస్ట్రేలియా ప్రభుత్వపు వైద్యపరిశోధన మండలివారు సమీక్షించి, హోమియోపతి గుణమిచ్చునని నమ్మదగిన నిదర్శనము ఏ రోగమునందును లేదని 2015లో ప్రకటించిరి.

జలుబునందు ఈ విషయమెట్లున్నను ప్రమాదము లేదు. చలిజ్వరమునందు ప్రాణముతో పని. మలేరియాలో ఒకజాతి దినము విడిచి దినము వచ్చును. నేడు వణకు, రేపు తెరిపి. నేటి సాయంత్రము గుళికలు వేసినచో రేపటి తెరిపి ఎవరి ఖాతాలో పడునో ఊహింపుడు. అట్లు పోయిన ఒకటి రెండు దినములలో, వేరొక జాతి మలేరియా యైనచో, మెదడునకెక్కి బిడ్డను స్పృహ తప్పించును. మలేరియా, క్షయ, పసిపిల్లల అతిసారములకు హోమియోపతిని ఆశ్రయింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2009లో హెచ్చరించినది ఇందుకే.

ఈ సందర్భమున ఒక చరిత్రవిశేషము చెప్పవలయును. హానిమన్‌కు తన సిద్ధాంతము మొదట స్ఫురించినది 1790లో, చలిజ్వరమునకు మందగు సింకోనాబెరడును తాను తిని చూచినప్పుడు. అదే బెరడునుండి మరియొక బాటయు బయలుదేరినది. పెల్తియే, కావెంతూ అను ఫ్రెంచి రసాయనికులు 1818లో స్ట్రిక్నిన్‌ను, 1819లో బ్రూసిన్‌ను, 1820లో సింకోనాబెరడునుండి క్వినైన్‌ను విడదీసిరి. మన ముషిణిలోని విషములను కనుగొన్న చేతులే మలేరియా మందునుగూడ కనుగొన్నవి! తూచదగినది గనుక ఎంత ఇచ్చిన గుణము, ఎంత మించిన విషము అని నిర్ణయించుటకు వీలైనది. ఆ మలేరియా దోమకడుపులో నుండునని రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినితో కనుగొన్నది మన సికింద్రాబాదుననే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఒక బెరడునుండి రెండు బాటలు చీలినవి. ఒకటి ద్రవ్యమును విడదీసి తూచినది. మరియొకటి ద్రవ్యమును పలుచన చేయుచు తూకమునకు అందనిచోటికి పోయినది.

కావున గ్రామపెద్దలకు నాలుగు మనవులు. మొదటిది: మన ప్రాంతమున జ్వరమనగానే రక్తపరీక్ష. ఆశాకార్యకర్తయొద్దను, ఉపకేంద్రమునందును వ్రేలినుండి తీసిన ఒక్క చుక్కతో అరగంటలోపున ఫలితము తెలియును. మందేదియైనను ఆ చుక్క తరువాతనే. రెండవది: సీసాపై చీటీ చదువుడు. మదర్ టింక్చరు, మూడు ఎక్స్ మొదలగునవి వ్రాసియున్నచో అందు నిజముగా ద్రవ్యము గలదు. ముషిణి, పాదరసము, పాషాణము వంటివైనచో పిల్లలకు అందనీయరాదు. హోమియోపతి యంతయు హానిలేనిదన్న మాట క్రింది మెట్లకు వర్తింపదు. మూడవది: తయారుచేసినవారి పేరు, లైసెన్సుసంఖ్య, తేదీ లేని సీసాను గాని, పేరు చెప్పని పొట్లమును గాని వాడనీయరాదు. గుళికవలె కనబడు దానిలో బలమైన వేరొక మందు రహస్యముగా కలిపినచో దానిని పట్టుటకు ప్రయోగశాలకు చీటీ ఆధారము కావలెను. నాల్గవది: మధుమేహము, రక్తపుపోటు, క్షయ, మూర్ఛ మొదలగువాటికి వాడుచున్న మందులను గుళికలను నమ్మి మాన్పింపవలదు.

ముషిణికి మన అడవిలోనే ఒక దాయాది గలదు: చిల్లచెట్టు. వృక్షశాస్త్రజ్ఞులు రెంటిని ఒకే కుటుంబమున, ఒకే ప్రజాతిలో చేర్చిరి. బురదనీటి కుండలోపల చిల్లగింజను అరగదీసినచో కొంతసేపటికి మట్టి అడుగునకు దిగి నీరు తేటపడుట మన అవ్వలెరిగిన పరీక్ష. రెండు కుండలుంచి, ఒకదానిలో గింజ అరగదీసి, రెండవదానిలో అరగదీయక చూచినచో పసిపిల్లవాడును భేదము చెప్పగలడు. చీటీ అక్కరలేదు, కవరు అక్కరలేదు. ఈ గింజను సంస్కృతమున కతకమందురు. మనుస్మృతి ఆరవ అధ్యాయమున దీని ప్రసక్తి గలదు. కతకఫలము నీటిని తేటపరచునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేటపడదని ఆ మాటకు తాత్పర్యము.

జ్వరపడిన బిడ్డ మంచముప్రక్కన నిలిచినప్పుడు పెద్దలు ఈ తాత్పర్యమును మరువకుందురు గాక. సీసాపై పేరెంత గొప్పదియని కాక, లోన ఏమున్నదని అడుగుదురు గాక.